తలలోని బడిగంట



జూలై, ఆగస్టు నెలల్లో సౌదీ అరేబియాలోని మన బడులకు వేసవి సెలవులు. రియాదులో ఎండ నలభై డిగ్రీలు దాటి మండిపోయే రోజులవి. మీలో చాలామంది ఆ రోజుల్లో కరీంనగరుకో, నిజామాబాదుకో, కడపకో, రాజమహేంద్రవరానికో వెళ్ళి అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర గడిపి వస్తారు. సెప్టెంబరులో బడి తెరిచిన రోజున ఒకరినొకరు చూసుకొని ఆశ్చర్యపోతారు. సెలవులకు ముందు మీతో సమానంగా ఉన్న స్నేహితురాలు ఇప్పుడు మీకంటె రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువ. ఇంకొకరి ముఖం మీద మొటిమలు. ఒక అబ్బాయి పద్యం చదవడానికి లేచి, మొదటి పాదం సన్నని గొంతుతో ఎత్తుకొంటాడు. రెండో పాదానికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఆగిపోతాడు. తరగతి అంతా గొల్లుమంటుంది.

చాలా ఏళ్ళ క్రితం నా తరగతిలోనే ఇట్లా జరిగింది. పిల్లలతో పాటు నేనూ నవ్వాను. ఆ అబ్బాయి ఆ ఏడాది మళ్ళీ పద్యం చదవడానికి లేవలేదు. పద్యాలన్నీ అతనికి నోటికి వచ్చు. అయినా లేవలేదు. ఆనాడు నవ్వడానికి బదులు నేను చెప్పవలసిన పాఠమే ఇది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రక్తంలో నడిచే దూతలు

మన శరీరంలో కొన్ని గ్రంథులకు నాళాలు ఉంటాయి. నోటిలో లాలాజలం అట్లా నాళం గుండానే వస్తుంది. మరికొన్ని గ్రంథులకు నాళాలు ఉండవు. అవి తయారుచేసే పదార్థాలు నేరుగా రక్తంలో కలుస్తాయి. వీటిని వినాళ గ్రంథులు అంటారు. ఆ పదార్థాలే హార్మోనులు. ఈ పేరును 1905లో స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చాడు. ‘కదిలించేది’ అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి అది పుట్టింది.

హార్మోను దూత వంటిది. ఒకచోట పుట్టి, మరొకచోటికి కబురు మోసుకొని పోతుంది. అయితే కబురు అందుకొనేవాడికి చెవులు ఉండాలి గదా! కణాల మీదా, కణాల లోపలా ఉండే ఆ చెవులను గ్రాహకాలు అంటారు. గ్రాహకం లేని కణానికి ఎంత హార్మోను వచ్చి చేరినా వినబడదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. పాఠం చివరిదాకా దీనితో మనకు పని ఉంది.

మెదడు అడుగుభాగంలో బాదంపప్పంత చోటు ఒకటి ఉంది. దాని పేరు హైపోథాలమస్. దాని కింద బఠానీ గింజంత పీయూష గ్రంథి వేలాడుతూ ఉంటుంది. హైపోథాలమస్ ఒక చిన్న హార్మోనును పీయూష గ్రంథికి పంపుతుంది. దాని పేరు జి.ఎన్.ఆర్.హెచ్. ఈ పాఠంలో మనం దానిని ‘గంట హార్మోను’ అందాం. అది అందగానే పీయూష గ్రంథి మరి రెండు హార్మోనులను రక్తంలోకి వదులుతుంది. అవి ఆడపిల్లల్లో అండాశయాలకు, మగపిల్లల్లో వృషణాలకు చేరతాయి. అక్కడ ఈస్ట్రోజన్, టెస్టోస్టిరోన్ అనే హార్మోనులు తయారవుతాయి. పొడుగు పెరగడం, గొంతు మారడం, మీసం రావడం, ఆడపిల్లలు పెద్దమనిషి కావడం, ఇవన్నీ ఈ వరుసలో జరిగే పనులే.

గంట హార్మోనులో ఉన్నవి పదే అమైనో ఆమ్లాలు. కాని దానిని పట్టుకోవడం సులభం కాలేదు. అమెరికాలో ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్ళతోనూ, రోజర్ గిల్లమిన్ బృందం గొర్రెల మెదళ్ళతోనూ ఏళ్ళ తరబడి పోటీపడి పనిచేశాయి. లక్షల మెదళ్ళను వడకడితే దొరికింది చిటికెడు కూడా కాదు. 1971లో షాలీ బృందం దాని నిర్మాణాన్ని ప్రకటించింది. 1977లో వారిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. అదే బహుమానంలో సగభాగం రోజలిన్ యాలో అనే శాస్త్రజ్ఞురాలికి దక్కింది. రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోనులను కొలిచే పద్ధతిని రూపొందించింది ఆమే.

పీరియడు గంట, లాంగ్‌బెల్లు

దానికి గంట హార్మోను అని ఎందుకు పేరు పెట్టానో చెబుతాను. మన ఊళ్ళలోని బడుల్లో పీరియడు మారినప్పుడల్లా గంట కొడతారు. ఒక దెబ్బో రెండు దెబ్బలో కొట్టి ఊరుకొంటారు. అది వినగానే పిల్లలు ఆ పుస్తకం మూసి మరొక పుస్తకం తీస్తారు. సాయంత్రం మాత్రం గణగణమని ఆగకుండా కొడతారు. అది లాంగ్‌బెల్లు. అది వినగానే ఎవరూ చదవరు. సంచులు తగిలించుకొని ఇళ్ళకు పరుగెత్తుతారు.

పీయూష గ్రంథి కూడా సరిగా ఇట్లాగే చేస్తుంది. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ విషయాన్ని కోతులలో చూపించారు. గంట హార్మోనును గంటకొకసారి కొద్దికొద్దిగా ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోనును ధారగా, ఆపకుండా ఇస్తే పని మానివేసింది. మళ్ళీ విడివిడిగా ఇస్తే మళ్ళీ పని మొదలుపెట్టింది. కబురు ఒకటే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే ఎడం మారితే అర్థమే మారిపోయింది.

ఆ ఎడం ఉండాలంటే ప్రతి దెబ్బ చప్పుడూ త్వరగా అణగిపోవాలి. అందుకే శరీరం గంట హార్మోనును నిలవ ఉంచదు. రక్తంలో చేరిన రెండు నుంచి నాలుగు నిమిషాలలో అందులో సగం ఎంజైముల చేత ముక్కలైపోతుంది.

పసివారిలో, పిల్లలలో, పెద్దలలో

ఈ గంట ఈడు వచ్చినప్పుడే మొదటిసారి మోగుతుందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. పుట్టిన తరువాత మొదటి కొన్ని నెలలలో అది ఒకసారి మోగుతుంది. చంటిపిల్లల రక్తంలో ఆ హార్మోనులు కనబడతాయి కూడా. ఆ తరువాత మెదడు గంటను పట్టి ఆపుతుంది. కొన్నేళ్ళ పాటు దాదాపు నిశ్శబ్దం. మీ బాల్యమంటే ఆ నిశ్శబ్దమే.

మళ్ళీ మోగడం మొదలయ్యేది రాత్రివేళ, మీరు నిద్రపోతున్నప్పుడు. ఈడు వస్తున్న పిల్లలలో పీయూష గ్రంథి హార్మోను నిద్రలోనే ఎక్కువగా వెలువడుతుందని 1972లో పరిశోధకులు గమనించారు. క్రమంగా పగలు కూడా మోగుతుంది. పెద్దవారిలో సుమారు గంట నుంచి రెండు గంటలకొకసారి, రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుంది.

మరి పిల్లల గ్రంథులు పచ్చివి కాబట్టి పనిచేయడం లేదా? నోబిల్ బృందం 1980లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఇంకా ఈడు రాని పిల్ల కోతులకు గంటకొకసారి ఈ హార్మోనును ఇచ్చారు. వాటి అండాశయాలు పెద్ద కోతుల వాటిలాగే పనిచేశాయి. ఇవ్వడం ఆపగానే అవి మళ్ళీ పిల్ల కోతులైపోయాయి. అంటే గ్రంథులు ముందే సిద్ధంగా ఉన్నాయి. లేనిది గంట మాత్రమే. పిల్లలకూ పెద్దలకూ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

ఒక సౌదీ కుటుంబం నేర్పిన పాఠం

అయితే ఆపిన గంటను మళ్ళీ కొట్టమని చెప్పేది ఎవరు? ఈ చిక్కుముడిని విప్పడంలో మీరు నివసిస్తున్న ఈ దేశానికి చెందిన ఒక కుటుంబం తోడ్పడింది.

సౌదీ అరేబియాకు చెందిన ఆ పెద్ద కుటుంబంలో దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగాయి. అందులో ఆరుగురికి వయసు వచ్చినా ఈడు రాలేదు. అమెరికాలోని బోస్టనులో స్టెఫనీ సెమినారా, విలియం క్రౌలీ మొదలైన వైద్యశాస్త్రజ్ఞులు వారి జన్యువులను పరీక్షించారు. గంట హార్మోను జన్యువులో దోషం లేదు. పీయూష గ్రంథిలో దానిని వినే గ్రాహకంలోనూ దోషం లేదు. చివరికి 2003లో అసలు దోషం దొరికింది. అది జి.పి.ఆర్.54 అనే మరొక గ్రాహకం జన్యువులో ఉంది. అదే సంవత్సరం ఫ్రాన్సులో నికొలా ద రూ బృందం మరొక కుటుంబంలో ఇదే సంగతి కనిపెట్టింది.

ఆ గ్రాహకం వినవలసిన హార్మోను పేరు కిస్‌పెప్టిన్. ఈ పేరు వెనుక ఒక వింత ఉంది. దాని జన్యువును 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో క్యాన్సరు పరిశోధన చేస్తున్నవారు కనుగొన్నారు. ఆ ఊరు చాక్లెట్లకు ప్రసిద్ధి. అక్కడ తయారయ్యే ‘కిస్సెస్’ అనే చాక్లెట్ల పేరు జన్యువుకు వచ్చింది. చాక్లెట్టు పేరు పెట్టుకొన్న ఆ జన్యువుకు పిల్లలను పెద్దలను చేసే పని ఉన్నదని అప్పటికి ఎవరికీ తెలియదు.

మన బడి పోలికతో చెప్పుకొందాం. కిస్‌పెప్టిన్ హెడ్‌మాస్టరు గారి ఆజ్ఞ. హైపోథాలమస్ కణాలు గంట కొట్టే అటెండరు. జి.పి.ఆర్.54 ఆ అటెండరు చెవి. ఆ కుటుంబంలోని ఆరుగురికి ఆ చెవి మూసుకొనిపోయింది. హెడ్‌మాస్టరు ఆజ్ఞ ఇస్తున్నా అటెండరుకు వినబడలేదు. కాబట్టి గంట మోగలేదు.

అదే జన్యువు లేకుండా చేసిన ఎలుకలను కూడా పరిశీలించారు. వాటికీ ఈడు సరిగా రాలేదు. కాని వాటి మెదడులో గంట హార్మోను మామూలుగానే నిలవ ఉంది. దానిని బయటినుంచి ఇస్తే కింది గ్రంథులు పనిచేశాయి కూడా. అంటే గంట పగిలిపోలేదు. కొట్టేవాడికి మాట అందలేదు, అంతే.

వరసలూ, జన్యువులూ

దోషం ఆ కుటుంబంలో ఆరుగురికి ఎందుకు వచ్చింది? ప్రతి జన్యువూ మనకు జంటగా ఉంటుంది. ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుంది. ఇటువంటి జన్యువుల్లో ఒకటి చెడినా రెండవది పని నెట్టుకొస్తుంది. ఆ మనిషికి ఏ లోటూ కనబడదు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉంటే మాత్రం, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ రెండూ సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. దంపతులు ఒకే తాతకు మనుమలైతే ఒకే చెడు ప్రతి ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది.

అరబ్బులలో చిన్నాన్న కూతురిని పెళ్ళాడే ఆచారం ఉంది. మనకు ఆ వరస కుదరదు. చిన్నాన్న కూతురు మనకు చెల్లెలు. మనం మేనమామ కూతురిని, మేనత్త కొడుకును చేసుకొంటాం. మేనరికం అని గొప్పగా చెప్పుకొంటాం. కాని జన్యువులకు వరసలు తెలియవు. వాటి లెక్కలో చిన్నాన్న బిడ్డ, మేనమామ బిడ్డ సమానమే. అట్లాగని మేనరికం చేసుకొన్న ప్రతి ఇంటా రోగం వస్తుందని అనుకోకూడదు. ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోవడం మంచిదని మాత్రం గ్రహించాలి. సౌదీ అరేబియాలో 2004 నుంచి కొడవలి కణ వ్యాధికి, తలసీమియాకు అటువంటి పరీక్ష తప్పనిసరి చేశారు.

గంటను ఆపడం, మోగించడం

ఈ తెలివి వైద్యానికి రెండు విధాలుగా ఉపయోగపడింది.

గంట మోగనివారికి బయటినుంచి మోగించవచ్చు. 1982లో క్రౌలీ, ఆయన సహచరుడు, ఈడు రాని కొందరు పురుషులకు చిన్న పంపు అమర్చి, రెండు గంటలకొకసారి గంట హార్మోను అందేటట్లు చేశారు. వారు పెద్దవారే అయినా, ఆగిపోయిన ఈడు అప్పుడు వచ్చింది.

మరీ చిన్నతనంలోనే గంట మోగేవారికి దానిని ఆపవచ్చు. ఆరేళ్ళ పాపకు ఈడు వస్తే శరీరానికీ కష్టం, మనసుకూ కష్టం. గంట హార్మోనులో ఆరవ అమైనో ఆమ్లాన్ని మార్చితే ఎంజైములు దానిని త్వరగా ముక్కలు చేయలేవు. అది రక్తంలో నిలిచి ఉంటుంది. అప్పుడు పీయూష గ్రంథికి అది లాంగ్‌బెల్లులాగా వినబడుతుంది. గ్రంథి పని మానుతుంది. 1981 నుంచి ఇటువంటి మందులు పిల్లలలో వాడుతున్నారు. మందు ఆపితే ఈడు మళ్ళీ దానంతట అదే సాగుతుంది. ఇవే మందులు ప్రోస్టేటు క్యాన్సరు వచ్చిన పెద్దవారికీ ఇస్తారు. చూశారా! చిన్నపాపకూ, తాతయ్యకూ ఒకే మందు.

ఎముకలు వినే మాట

ఒకే హార్మోను పెద్దవారిలో ఒక విధంగా, పిల్లలలో మరొక విధంగా పనిచేయడానికి ఎముకలు మంచి ఉదాహరణ. పిల్లల పొడుగు ఎముకల చివర మెత్తని మృదులాస్థి పలకలు ఉంటాయి. ఎముక పెరిగేది అక్కడే. ఈడు వచ్చినప్పుడు ఈస్ట్రోజన్ మొదట పెరుగుదలను వేగిరపరుస్తుంది. తరువాత ఆ పలకలను మూసివేస్తుంది. మగపిల్లలలో కూడా ఈ పని చేసేది ఈస్ట్రోజనే. వారి శరీరం కొంత టెస్టోస్టిరోనును ఈస్ట్రోజనుగా మార్చుకొంటుంది. పలకలు మూసుకొన్న పెద్దవారిలో అదే హార్మోను ఎముకల బలాన్ని కాపాడుతుంది గాని పొడుగు పెంచలేదు.

1994లో అమెరికా వైద్యులు ఇరవై ఎనిమిది సంవత్సరాల యువకుడిని గురించి వ్రాశారు. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు. ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని రక్తంలో ఈస్ట్రోజన్ ఉంది. దానిని వినే గ్రాహకం పనిచేయడం లేదు. మొదట చెప్పిన మాట గుర్తున్నదా? చెవి లేకపోతే కబురు అందదు.

ఇక్కడ మీకొక హెచ్చరిక. కండలు త్వరగా పెరుగుతాయని కొందరు వ్యాయామశాలల్లో టెస్టోస్టిరోన్ జాతి సూదులు, మాత్రలు చూపిస్తారు. పెరిగే పిల్లవాడు వాటిని తీసుకొంటే ఎముకల పలకలు ముందే మూసుకొనిపోయి పొట్టిగా మిగిలిపోవచ్చు. పైగా రక్తంలో హార్మోను నిండుగా ఉన్నదని తెలిసిన మెదడు గంటనే ఆపేస్తుంది. వైద్యుడు చెప్పకుండా వాటి జోలికి పోకండి.

పెద్దలకు వైద్యులిచ్చే టెస్టోస్టిరోన్ లేపనం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. అది రాసుకొన్న చోటు తగిలి, పసిపిల్లలలో అకాలంగా ఈడు లక్షణాలు కనబడినందువల్ల 2009లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ ఆ మందుల మీద గట్టి హెచ్చరిక వేయించింది. పిల్లల రక్తంలో ఆ హార్మోను అతి స్వల్పం. అందుచేత పెద్దవారికి లెక్కలోనిది కాని కొద్దిపాటి మందు కూడా పిల్లలకు కొండంత అవుతుంది.

ఎవరి గంట వారిది

ఆడపిల్లలలో ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య, మగపిల్లలలో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఎప్పుడు మార్పులు మొదలైనా అది మామూలే. అంతకు ముందే మొదలైనా, ఆ వయసు దాటినా మొదలుకాకపోయినా అమ్మతోనో నాన్నతోనో చెప్పి వైద్యుణ్ణి చూడాలి. సిగ్గుపడవలసిన పని లేదు. తల నొప్పి వస్తే చెప్పమా!

ఒకే తరగతిలో ఒకరి గంట నిరుడే మోగి ఉంటుంది. ఒకరిది నిన్న రాత్రి మోగి ఉంటుంది. ఇంకొకరిది రెండేళ్ళకు గాని మోగదు. ముందు మోగినవారు గెలిచినట్టూ కాదు, వెనుక మోగినవారు ఓడినట్టూ కాదు. కాబట్టి రేపు మీ తరగతిలో ఎవరికైనా పద్యం మధ్యలో గొంతు విరిగితే నవ్వకండి. కాసేపు ఆగండి. అతను మళ్ళీ ఎత్తుకొంటాడు.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు
గ్రాహకం = కబురును అందుకొనేది
వినాళ గ్రంథి = నాళం లేని గ్రంథి
మృదులాస్థి = మెత్తని ఎముక
సంక్రమించు = ఒకరినుంచి మరొకరికి వచ్చు
లేపనం = ఒంటికి రాసుకొనే మందు

ఆ) ప్రశ్నలకు జవాబులు వ్రాయండి
1. గంట హార్మోను రక్తంలో త్వరగా ముక్కలు కావడం వల్ల మేలు ఏమిటి?
2. పిల్ల కోతుల ప్రయోగం వల్ల ఏమి తెలిసింది?
3. సౌదీ కుటుంబంలోని ఆరుగురికి ఈడు రాకపోవడానికి కారణం ఏమిటి? బడి పోలికతో చెప్పండి.
4. ‘జన్యువులకు వరసలు తెలియవు’ – ఈ వాక్యాన్ని వివరించండి.

ఇ) చేయండి
1. మీ తాతయ్యనో, నాయనమ్మనో అడిగి మీ ఇంటి మూడు తరాల వంశవృక్షం గీయండి. మేనరికాలు ఉన్నచోట రెండు గీతలు గీయండి.
2. గొంతు మారుతున్నందువల్ల పద్యం చదవడం మానివేసిన స్నేహితునికి ధైర్యం చెబుతూ ఒక ఉత్తరం వ్రాయండి.